పాతకాపుల మలి రికార్డింగులు: ఖాళీ అయిన పీట మాటేమిటి?

రాజోలు లంకవాసి | శనివారం, రాత్రి 9.10

సభ్యులందరికీ నమస్కారం. కాకినాడ రేవు నుంచి ఓడ ఉద్యోగానికి వెళ్లిన మా మేనమామ 1970ల చివరిలో తెచ్చిన రికార్డుల పెట్టె ఒకటి మా అటక మీద ఇప్పటికీ ఉంది. ప్రోగ్రెసివ్ రాక్ అనే పొడుగు పాటల రాక్ సంగీతం వాయించే యెస్ బృందం వారి ‘ఫ్రాజైల్’ (1971), ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ (1972), జెత్రో టల్ వారి ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ (1972), ఆరెగన్ బృందం రికార్డు ఒకటి, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ గారు మన విద్వాంసులతో కట్టిన శక్తి బృందం మొదటి రికార్డు ఆ పెట్టెలోని సరుకు. నరసాపురంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ, సఖినేటిపల్లి రేవులో పంటు దిగి ఇల్లు చేరగానే వీటిలో ఏదో ఒకటి పెట్టుకోనిదే నాకు అన్నం సహించేది కాదు.

తరువాత బడి ఉద్యోగం, పిల్లల చదువులు, కొబ్బరితోట తగాదాలు వచ్చిపడ్డాయి. నలభై ఏళ్లు ఆ పెట్టె దించలేదు. ఈమధ్య మా కోడలు నా ఫోనులో పాటల చందా కట్టి ఇచ్చిన తరువాత తెలిసింది ఏమిటంటే, ఆనాటి బృందాలలో చాలా వరకు ఇంకా కొత్త ఆల్బములు విడుదల చేస్తూనే ఉన్నాయి. ఆత్రంగా యెస్ వారి ‘ద క్వెస్ట్’ (2021) విన్నాను. బాగోలేదని చెప్పలేను. కానీ విన్నంతసేపూ, సంవత్సరీకానికి వచ్చిన బంధువులు భోజనాల దగ్గర మంచి మాటలే మాట్లాడుకుంటూ, కళ్లు మాత్రం ఖాళీ కుర్చీ వైపు తిప్పుతున్నట్టు అనిపించింది. వయసు మళ్లిన ఈ బృందాలు ఇటీవల చేసిన వాటిలో వినదగినవి నిజంగా ఉన్నాయా, లేక పేరు చూసి కొనే నాబోటి వారి కోసమే అవి తయారవుతున్నాయా? తెలిసినవారు కాస్త విపులంగా చెప్పవలసిందిగా ప్రార్థన.

గౌతమి గట్టు | శనివారం, రాత్రి 10.25

మాస్టారూ, మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి కనుక ముందు వాటిని విడదీస్తాను. పాత బృందం పేరుతో ఈమధ్య బయటికి వచ్చిన ప్రతి ఆల్బమూ వారు పెద్దవయసులో వాయించినది కాదు. పింక్ ఫ్లాయిడ్ 2014లో విడుదల చేసిన ‘ది ఎండ్‌లెస్ రివర్’లో చాలా భాగం 1993 ప్రాంతంలో వాయించి పక్కన పెట్టినదే, అందులో వినిపించే రిచర్డ్ రైట్ కీబోర్డు, ఆయన 2008లో కన్నుమూసిన ఆరేళ్లకు లోకానికి చేరింది. కీత్ జారెట్, గ్యారీ పీకాక్, జాక్ డిజానెట్ జాజ్ త్రయం ‘ఆఫ్టర్ ద ఫాల్’ 2018లో వచ్చినా, ఆ కచేరీ జరిగింది 1998 నవంబరులో. అవి పాత ధాన్యం, కొత్త గోనెసంచి. వాటికి వేరే లెక్క ఉండాలి.

ఇక మీరు విన్న ‘ద క్వెస్ట్’ సంగతి. ఆ బృందం 1968లో పుట్టింది మొదలు 2015 జూన్‌లో తాను మరణించే వరకు వచ్చిన యెస్ స్టూడియో ఆల్బములన్నింటిలోనూ ఉన్న ఏకైక వ్యక్తి బేస్ గిటారు వాయించిన క్రిస్ స్క్వైర్. మీకు కనబడిన ఖాళీ కుర్చీ ఆయనదే. ఆ స్థానంలోకి బిల్లీ షెర్వుడ్ వచ్చారు. మొదటి గాయకుడు జాన్ ఆండర్సన్ 2008 నుంచే బృందంలో లేరు. ఇప్పుడు పాడుతున్న జాన్ డేవిసన్ గొంతు ఆయన గొంతుకు చాలా దగ్గరగా ఉంటుంది. డ్రమ్ములు వాయించిన అలన్ వైట్ కూడా 2022 మే నెలలో వెళ్లిపోయారు. ‘మిరర్ టు ద స్కై’ (2023) నాటికి 1970ల యెస్ నుంచి మిగిలింది గిటారిస్టు స్టీవ్ హౌ ఒక్కరే. ఆయన వేళ్లలో పదును కొంత తగ్గినా స్వరం ఎంచుకునే విచక్షణ తగ్గలేదు. ఆ ఆల్బములో పద్నాలుగు నిమిషాల శీర్షిక గీతం తప్పక వినండి. అయితే నా అభ్యంతరం ఒకటి ఉంది. ఆ బృందం పోయినవారి ప్రతి పీట మీదా వారిని పోలిన మనిషినే కూర్చోబెట్టింది. అంత పోలిక ఉన్నప్పుడే పోయినవారు మరీ గుర్తుకు వస్తారు.

నిడదవోలు ప్యాసింజరు | శనివారం, రాత్రి 10.50

గట్టు గారితో నేను ఏకీభవించను. సురభి నాటక సమాజం 1885లో మొదలై నేటికీ తెర ఎత్తుతోంది. తాత వేసిన వేషం తండ్రి, తండ్రి వేసిన వేషం కొడుకు వేస్తే మనం ‘ఇది అసలు సురభి కాదు’ అంటున్నామా? స్క్వైర్ గారు జబ్బుపడినప్పుడు తన స్థానంలో షెర్వుడ్ గారిని ఉండమని తానే చెప్పారు. పీట తానే అప్పగించి వెళ్లాడు కదా! మనకు అభ్యంతరం దేనికి?

గౌతమి గట్టు | శనివారం, రాత్రి 11.05

సురభిలో వేషం కుటుంబానిది. అక్కడ మనిషి మారడం ముందే ఒప్పుకున్న సంగతి. ఈ బృందాలలో వాయిద్యం మనిషిది. స్క్వైర్ నాదం బేస్ గిటారుకు మామూలుగా ఉండే బొంగురు నాదం కాదు, ముందుకు పొడుచుకు వచ్చే గట్టి, మెరుపు నాదం. ‘ఫ్రాజైల్’లో గిటారు ఒక పాట పాడుతూ ఉంటే బేస్ ఇంకొకటి పాడుతుంది. షెర్వుడ్ సమర్థుడు, ఆ మాట కాదనను. ఆయనకు తన పాట పాడుకునే చోటు ఇవ్వలేదన్నదే నా ఫిర్యాదు.

దీనికి ఎదురుగా వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ అనే రాక్ బృందం వారిని చూడండి. వారి గాయకుడు పీటర్ హ్యామిల్‌కు 2003 డిసెంబరులో గుండెపోటు వచ్చింది. అది గడిచాక నలుగురు పాతవారూ కలిసి 2005లో ‘ప్రెజెంట్’ చేశారు. తరువాత శాక్సఫోన్ వాయించే డేవిడ్ జాక్సన్ విడిపోయారు. ఆయన శాక్సఫోన్ ఆ బృందానికి సగం గొంతు. మరొకరయితే మరుసటి వారమే ఇంకో శాక్సఫోన్ విద్వాంసుణ్ణి తెచ్చుకునేవారు. వీరు తెచ్చుకోలేదు. హ్యామిల్, ఆర్గన్ వాయించే హ్యూ బాంటన్, డ్రమ్ముల గై ఎవాన్స్ ముగ్గురే మిగిలి 2008లో ‘ట్రైసెక్టర్’ చేశారు. బాంటన్ బేస్ భాగాన్ని కూడా ఆర్గన్ పెడళ్ల మీద కాళ్లతోనే వాయిస్తారు. పక్కన నిండుగా మోగే వాయిద్యం లేకపోవడంతో ఆ కాళ్ల పని, హ్యామిల్ గరుకు గిటారు మొదటిసారి విడివిడిగా వినిపిస్తాయి. అక్కడి నుంచి ‘డు నాట్ డిస్టర్బ్’ (2016) దాకా ఆ ముగ్గురే. నా దృష్టిలో ప్రోగ్రెసివ్ రాక్ పెద్దల మలి రికార్డింగులన్నింటిలో అగ్రతాంబూలం ‘ట్రైసెక్టర్’దే. ఖాళీని పూడ్చకుండా, ఆ ఖాళీ చుట్టూ పాట కట్టడం అంటే అది.

అమలాపురం కుర్రవాడు | ఆదివారం, ఉదయం 7.30

పెద్దలకు నమస్కారం. నేను ఇంజనీరింగు చదువుతున్నాను, ఈ సంగీతానికి కొత్త. కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బృందం గురించి ఎవరూ రాయలేదేమని అడుగుతున్నాను. 2003 నాటి ‘ద పవర్ టు బిలీవ్’ తరువాత వారు స్టూడియో ఆల్బమే చేయలేదు కదా, మరి వారిని ఏ లెక్కలో వేయాలి? ఇంకొక సందేహం. శక్తి బృందం ‘దిస్ మూమెంట్’కు 2024లో గ్రామీ వచ్చిందని చదివాను. అది మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారు వాయించిన కచేరీ రికార్డింగేనా?

నిడదవోలు ప్యాసింజరు | ఆదివారం, ఉదయం 8.05

కుర్రవాడా, క్రిమ్సన్‌ను తాళవాద్య కచేరీ లెక్కలో వేసుకో. 2014 నుంచి మూడు డ్రమ్ము సెట్లు వేదిక ముందు వరసలో, గిటార్లు వెనక వరసలో. మన పెళ్లిళ్లలో డోలు సన్నాయిని మింగేసినట్టే ఉంటుందేమోనని భయపడ్డాను గానీ, ఒకరు వదిలిన దెబ్బను ఇంకొకరు అందుకుంటూ ముగ్గురూ పని పంచుకున్నారు. 1970లలో ఆ బృందంలో ఉన్న మెల్ కాలిన్స్ శాక్సఫోన్‌తో తిరిగి వచ్చారు. వారి ‘రాడికల్ యాక్షన్’ (2016) కచేరీలలో రికార్డు చేసినదే, కానీ చప్పట్లు, ఈలలు తీసేసి స్టూడియో ఆల్బములా అందించారు. కనుక రెండు లెక్కల్లోనూ పడుతుంది. 2021 డిసెంబరులో టోక్యోలో చివరి కచేరీ చేసి ఆపేశారు. ఆపడం తెలిసినవారు అరుదు. శ్రీనివాస్ గారి సంగతి పాలకొల్లు వారే చెప్పాలి, వారి ఊరి హక్కు.

పాలకొల్లు కాలువగట్టు | ఆదివారం, ఉదయం 10.40

కుర్రవాడి ప్రశ్నలో రెండు పొరపాట్లున్నాయి. తప్పుపట్టడం లేదు, ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తున్నారు. ‘దిస్ మూమెంట్’ (2023) కచేరీ రికార్డింగు కాదు; 1977 నాటి ‘నేచురల్ ఎలిమెంట్స్’ తరువాత నలభై ఆరేళ్లకు శక్తి పేరుతో వచ్చిన స్టూడియో ఆల్బము. కోవిడ్ రోజుల్లో కలుసుకునే వీలు లేక, ఎవరి ఊళ్లో వారు తమ భాగం వాయించి ఒకరికొకరు పంపుకుని దానిని కూర్చారు. అందులో మన శ్రీనివాస్ గారు లేరు. ఆయన 2014 సెప్టెంబరు 19న నలభై అయిదేళ్లకే చెన్నైలో కన్నుమూశారు.

క్షీరారామం ఉన్న ఊరు మాది, 1969 ఫిబ్రవరిలో ఆయన పుట్టిన ఊరూ మాదే. తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్ పట్టుకుని వాయించడం మొదలుపెట్టి, రుద్రరాజు సుబ్బరాజు గారి శిక్షణలో పెరిగి, 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాలలో మొదటి కచేరీ చేశారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి పద్నాలుగేళ్లు. మాండొలిన్ అసలు గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, లొంగే వాయిద్యం కాదు. నాలుగు జతల తీగలు ఉంటాయి, మీటిన నాదం నిలవదు, జత తీగలను కలిపి లాగితే అపశ్రుతి పలుకుతుంది. ఆయన జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు కట్టి, విద్యుత్తుతో నాదానికి నిడివి తెచ్చారు. అప్పుడు గాని తోడి రాగంలో గాంధార స్వరం ఊగలేదు. అందుకని ఈ బృందాన్ని ‘ఎకూస్టిక్’ (విద్యుత్తు వాడనిది) అని ఎవరైనా మడి కట్టించబోతే నాకు నవ్వు వస్తుంది. 1975లో మెక్‌లాఫ్లిన్ గారు పట్టుకున్నది నిజంగా కొయ్య గిటారే, శ్రుతి పలికే అదనపు తీగలతో సహా. 1997లో ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ కూడినప్పుడు ఆయన ఎలక్ట్రిక్ గిటారుకు మారారు, తరువాత పక్కన మా ఊరి ఎలక్ట్రిక్ మాండొలిన్ చేరింది.

గట్టు గారు చెప్పిన పీట సంగతి శక్తికి చక్కగా అమరుతుంది. మొదటి శక్తిలోని ఎల్. శంకర్ వయొలిన్ లేని చోట వారు 1997 తరువాత మరొక వయొలిన్ పెట్టలేదు, మాండొలిన్ తెచ్చారు. శ్రీనివాస్ గారు పోయాక ఇంకొక మాండొలిన్ తేలేదు, గణేష్ రాజగోపాలన్ వయొలిన్‌తో వచ్చారు. శంకర్ మహదేవన్ గొంతు ముందుకు జరిగింది. మొదటి శక్తిలోని విక్కు వినాయకరామ్ గారి కొడుకు సెల్వగణేష్ మాత్రం వారసుడిగానే వచ్చారు. కానీ ఆయన ప్రధానంగా పట్టుకున్నది కంజీర, తండ్రిది ఘటం. వారసత్వం ఉండవచ్చునండీ ప్యాసింజరు గారూ, అచ్చు దింపనక్కరలేదు.

‘దిస్ మూమెంట్’ మొదటి అంశం పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. ఆయన జ్ఞాపకంగా చేసినదే. అందులో ఆయన వాయిద్యం ఉండదు. నాకు ఆ ఆల్బములో నచ్చనిదీ ఒకటుంది. అందరూ వేరువేరు గదుల్లో వాయించారు కాబట్టి, కచేరీలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే పుట్టే తొట్రుపాటు, సర్దుబాటు, నవ్వు, ఏవీ వినబడవు. మరీ నున్నగా ఉంది. ఆ వేడి కావాలంటే ‘శాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ (2001) వినండి. తబలా మీద ఉన్న జాకిర్ హుస్సేన్ గారు కూడా 2024 డిసెంబరులో వెళ్లిపోయారు కనుక ఈ బృందం మలి రికార్డింగులకు అది ఒక హద్దు.

భీమవరం వయొలిన్ | ఆదివారం, మధ్యాహ్నం 3.15

ఆరెగన్ గురించి లంకవాసి గారు ఒక్క మాట అని వదిలేశారు. ఈ చర్చకు అన్నిటికంటే పనికివచ్చే బృందం అదే. రాల్ఫ్ టౌనర్ కొయ్య గిటారు, పాల్ మెక్‌కాండ్‌లెస్ ఓబో (సన్నాయి వంటి వాయిద్యం), గ్లెన్ మూర్ నిలువు బేస్, కాలిన్ వాల్కాట్ సితార, తబలా. రవిశంకర్ గారి దగ్గర, అల్లారఖా గారి దగ్గర నేర్చుకున్న మనిషి వాల్కాట్. ఆయన 1984 నవంబరులో తూర్పు జర్మనీలో రోడ్డు ప్రమాదంలో మరణించారు. బృందం కొంతకాలం ఆగింది. తరువాత త్రిలోక్ గుర్తూ వచ్చారు. ఆయనకూ తబలా వచ్చు గానీ, నేలమీద కూర్చుని డ్రమ్ములు, తబలా, గంటలు కలిపి వాయించే ఆయన పద్ధతి వాల్కాట్ నెమ్మదికి పూర్తిగా వేరు. ‘ఎకోటోపియా’ (1987) విన్నవారికి ఇది తెలుస్తుంది. సితార పీట మాత్రం ఖాళీగానే ఉంచారు.

గుర్తూ తరువాత కొన్నేళ్లకు డ్రమ్ముల మీద మార్క్ వాకర్ స్థిరపడ్డారు. 2000లో వచ్చిన ‘ఆరెగన్ ఇన్ మాస్కో’లో పెద్ద ఆర్కెస్ట్రా పక్కన వాయించారు, విద్యార్థులకు నేను దానినే వినిపిస్తాను, ఎందుకంటే అంతమంది మధ్య కూడా ఓబో గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. 2015లో మూర్ కూడా తప్పుకున్నారు. ఇటలీ నుంచి పావొలీనో దల్లా పోర్తా బేస్ పట్టారు. ఆ అమరికతో చేసిన ‘లాంటర్న్’ (2017) నాకు చాలా ఇష్టం. టౌనర్ అప్పటికి డెబ్బై ఏడేళ్ల వయసులో ఉన్నారు. వేగం కోసం పాకులాడరు. ఒక స్వరం మోగి, ఆరిపోయే వరకు ఆగి, ఆ తరువాతే రెండవది మీటుతారు. మన గాయకులు పెద్దవయసులో శ్రుతిని ఒక మెట్టు దించుకుని, బిర్కాలు (వేగపు స్వరాల విసుర్లు) తగ్గించి, రాగాన్ని ఎక్కువ నిలబెడతారు కదా, అదే విజ్ఞత.

వయసుతో తగ్గడమే కాదు, మెరుగుపడినవీ ఉంటాయి. జెత్రో టల్ ఇయాన్ ఆండర్సన్ వేణువు తనంతట తానే నేర్చుకున్నారు. 1990లలో కూతురు బడిలో వేణువు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు, తాను ఇరవై ఏళ్లకు పైగా కొన్ని స్వరాలకు వేళ్లు తప్పుగా వేస్తున్నానని తెలిసి, మళ్లీ మొదటి నుంచి సరిదిద్దుకున్నారు. గొంతు మాత్రం 1980ల నుంచే దెబ్బతింది, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉందని తానే చెప్పారు. అందువల్ల ‘ద జీలట్ జీన్’ (2022), ‘రాక్‌ఫ్లూట్’ (2023) ఆల్బములలో పాట చిన్న పరిధిలో, దాదాపు మాటలా సాగుతుంది. వేణువు మాత్రం 1972 నాటి కంటే శుద్ధంగా పలుకుతుంది. గిటారిస్టు మార్టిన్ బార్ లేని లోటు నాకూ ఉంది. కానీ ఒకే మనిషిలో ఒకటి తరగడం, ఇంకొకటి పెరగడం పక్కపక్కనే వినబడే రికార్డింగులు ఎన్ని ఉంటాయి?

నిడదవోలు ప్యాసింజరు | ఆదివారం, మధ్యాహ్నం 3.40

టీచరు గారూ, మీ మాటతో సగం ఓడిపోయాను. మిగతా సగం ఇది. జారెట్ త్రయం 1983 నుంచి 2014 దాకా ఒక్క మనిషి కూడా మారకుండా వాయించింది. ఖాళీ పీట అన్న ప్రశ్నే వారికి రాలేదు. అయినా 2009లో లూసర్న్‌లో వాయించిన ‘సమ్‌వేర్’ను 1980ల రికార్డింగులతో పోల్చితే అది అదే బృందమని ప్రమాణం చేసి చెప్పగలరా? ఉన్నవారు కూడా మారిపోతారు. అటువంటప్పుడు పాపం షెర్వుడ్ ఒక్కడినే నిలదీయడం దేనికి?

గౌతమి గట్టు | ఆదివారం, సాయంత్రం 6.20

అది న్యాయమైన మాట, ఒప్పుకుంటున్నాను. ‘సమ్‌వేర్’లో ముగ్గురూ తమంతట తామే మారారు. తెలిసిన పాటలనే ఎత్తుకుని, పల్లవి నుంచి చాలా దూరం వెళ్లి, అక్కడే చాలాసేపు ఉండిపోతారు. షెర్వుడ్‌కు ఆ స్వేచ్ఛ దొరికితే నా ఫిర్యాదు వాపసు తీసుకుంటాను.

నిర్వాహకులు | ఆదివారం, సాయంత్రం 6.45

నల్లరికార్డు మేలా ఫోను మేలా అన్న విషయంపై వచ్చిన నాలుగు వ్యాఖ్యలను వేరే చర్చకు తరలించాము. ఇక్కడ మలి రికార్డింగుల గురించి మాత్రమే రాయవలసిందిగా మనవి.

రాజోలు లంకవాసి | మంగళవారం, రాత్రి 8.30

అందరికీ కృతజ్ఞతలు. రెండు సాయంత్రాలు వరసగా విన్నాను. ‘ట్రైసెక్టర్’ మొదటిసారి మింగుడు పడలేదు, రెండవసారి పట్టుకుంది. శాక్సఫోన్ రావలసిన చోట నా చెవి దాని కోసం వెతుక్కోవడం, అక్కడ కేవలం ఆర్గన్ ఊపిరి ఉండడం చిత్రంగా ఉంది. ‘లాంటర్న్’ వింటూ ఉండగా కరెంటు పోయింది. పక్క చెరువుల్లో ఏరేటర్ల రొద ఆగిపోయి, జనరేటర్లు అందుకునే లోపల వచ్చిన ఆ రెండు నిమిషాల నిశ్శబ్దంలో, ఫోను స్పీకరులో టౌనర్ గిటారు ఎంత చిన్నగా మోగుతుందో అప్పుడు తెలిసింది.

‘దిస్ మూమెంట్’ మా ఆవిడతో కలిసి విన్నాను. ‘గిరిరాజ్ సుధ’ అన్న ట్రాక్ వచ్చేసరికి ఆవిడ వంటింట్లోంచి వచ్చి కూర్చుని తొడ మీద తాళం వేసింది. చిన్నప్పుడు నేర్చుకున్న త్యాగరాజస్వామి వారి బంగాళ రాగ కీర్తన ‘గిరిరాజసుతా తనయ’ ఇదేనంది. అట్ట మీద ‘సుధ’ అని వేశారట. సుత అంటే కూతురు, సుధ అంటే అమృతం, ఆ మాత్రం తెలియదా అని నన్ను కోప్పడింది. గిటారు ఎవరిది, తబలా ఎవరిది అని అడగలేదు. శ్రీనివాస్ గారు వాయించిన 2001 నాటి కచేరీ ఆల్బములోనూ ఇదే అంశం ఉందని చూసి, దానినీ పెట్టాను. అది అయిపోయాక మళ్లీ 2023 నాటిది పెట్టమంది.

కాలువగట్టు గారూ, ఆ రెండింటిలో మీకు ఏది ఎక్కువ ఇష్టమో చెప్పండి. ఆవిడ తన తీర్పు ఇంకా చెప్పలేదు.

పాలకొల్లు కాలువగట్టు | మంగళవారం, రాత్రి 9.15

ఊరి అభిమానం పక్కన పెట్టి చెప్పమంటే కష్టం మాస్టారూ. 2001 నాటిదే. అమ్మగారిని అడిగి తప్పక రాయండి. ఆవిడ 2023 నాటిది అంటే ఎందుకో కూడా రాయండి, నేను మళ్లీ వింటాను.